బిస్బీ దుకాణం దోపిడీ, 1883: అందని జీతాల సొమ్ము, పోయిన ప్రాణాలు

పాతకాగితం:
గనుల ఊళ్లలో జరిగిన నేరాల గురించి ఇక్కడ చాలా రాసుకున్నాం. అరిజోనాలోని బిస్బీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తెలిసినవాళ్లు కలపండి, ఒప్పుకోనివాళ్లు తగవు పడండి.

మెక్సికో సరిహద్దుకు దగ్గరలో, మ్యూల్ కొండల నడుమ ఇరుకు లోయలో ఉంటుంది బిస్బీ. 1877లో అక్కడ ఖనిజం బయటపడింది, 1880 నాటికి కాపర్ క్వీన్ రాగి గని నడుస్తోంది. అరిజోనా అప్పటికి రాష్ట్రం కూడా కాదు, ప్రాంతం మాత్రమే. రాష్ట్రం హోదా వచ్చింది 1912లో. 1883లో బిస్బీలో బ్యాంకు లేదు. గోల్డ్‌వాటర్, కాస్తనేడా అనే ఇద్దరు భాగస్వాముల దుకాణం ఉండేది. పిండి, బట్ట, పనిముట్లు అన్నీ అక్కడే. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ దుకాణంలో ఒక ఇనప్పెట్టె ఉండేది. గని కార్మికుల జీతాల డబ్బు వచ్చి చేరేది ఆ పెట్టెలోకే.

డిసెంబరు 8, శనివారం. చీకటి పడ్డాక ఐదుగురు గుర్రాల మీద ఊళ్లోకి వచ్చారు. డాన్ డౌడ్, కోమర్ శాంపిల్, డాన్ కెల్లీ, బిల్ డిలేనీ, జేమ్స్ హోవర్డ్. కొందరు లోపలికి వెళ్లారు, మిగిలినవాళ్లు తుపాకులు పట్టుకుని వీధిలో నిలబడ్డారు. పెట్టెలో 7,000 డాలర్ల జీతాల సొమ్ము ఉంటుందని వాళ్ల అంచనా. ఆ సొమ్ము ఇంకా ఊరు చేరనేలేదు! దొరికింది 800 నుంచి 3,000 డాలర్ల మధ్య అని రకరకాలుగా చెబుతారు. దాంతోపాటు బంగారు గడియారం, కొన్ని నగలు. భాగస్వామి కాస్తనేడా ఒంట్లో బాగాలేక వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. అతని తలగడ కింది డబ్బును కూడా వదల్లేదు.

లోపల ఇదంతా జరుగుతుండగానే బయట కాల్పులు మొదలయ్యాయి. తేరుకునేలోగా నలుగురికి ప్రాణాంతకమైన గాయాలు తగిలాయి.

మల్లెతీగ:
ఆ నలుగురూ ఎవరండీ? దొంగల పేర్లు ఐదూ వరసగా రాసి, పోయినవాళ్లను ఒక అంకెలో తేల్చేశారు.

పాతకాగితం:
నిజమే, రాయవలసిందే. టాపెనీర్ అని ముడిఖనిజంలో లోహం ఎంత ఉందో పరీక్షించే ఉద్యోగి, దుకాణం దగ్గరే పడిపోయాడు. టామ్ స్మిత్ అనే డిప్యూటీ షెరీఫ్, అంటే పోలీసు అధికారి, ఎదుటి భోజనశాలలో ఉన్నాడు. చప్పుడు విని బయటికి వచ్చాడు, వీధిలోనే కాల్చేశారు. నాలీ అనే మనిషి బండ్లమీద సరుకు తోలేవాడు. గాయాలతో తరవాత చనిపోయాడు. నాలుగో మనిషి ఆనీ రాబర్ట్స్. భర్తతో కలిసి ఆ భోజనశాల నడిపేది, అప్పటికి గర్భవతి. గుమ్మం దగ్గరకు వచ్చి చూసినందుకు తూటా తగిలింది. కడుపులోని బిడ్డను కూడా లెక్కపెట్టి ఐదు ప్రాణాలు అనేవాళ్లూ ఉన్నారు.

మిరపటపాకాయ:
ఇలాంటి వెధవలను విచారణ పేరుతో జైల్లో కూర్చోబెట్టి మేపడం దేనికి? ఊరివాళ్లు ఒకణ్ని బయటికి లాగి ఉరి తీశారని ఎక్కడో చదివాను. సరైన పని చేశారు.

నల్లకోటు:
మిరపటపాకాయ గారూ, కథ అంతవరకూ రానివ్వండి. మీరు ‘ఒకణ్ని’ అన్న మనిషి ఆ ఐదుగురిలో లేడు. ఆ రాత్రి అతను తుపాకీ పేల్చలేదు, దుకాణంలో అడుగుపెట్టలేదు. ఈ చర్చలో అసలు పీటముడి అతనే.

కొత్తగూడెం పెద్దాయన:
నేను బొగ్గుగనుల జీతాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇనప్పెట్టె సంగతి చదవగానే మనసు లాగింది, అందుకే రాస్తున్నాను. బ్యాంకు ఖాతాలు రాకముందు మా దగ్గరా బటవాడా అంతా నగదే. డబ్బు ఏ దారిన, ఏ పూట వస్తుందో మాకే సరిగా చెప్పేవారు కాదు. వచ్చాక కిటికీ వెనక కూర్చుని నోట్ల కట్ట విప్పి, వేలు తడి చేసుకుని లెక్కపెట్టి, పేరు పిలిచి, వేలిముద్ర వేయించుకుని ఇచ్చేవాళ్లం. జీతాల రోజు మాత్రం దాచగలిగేది కాదు. అప్పులవాళ్లకు తెలుసు, సారా కొట్టువాడికి తెలుసు, చీట్లపేక ఆడించేవాడికి తెలుసు. ఊరంతటికీ తెలిసిన రోజును రహస్యం ఎలా చేస్తారు?

బిస్బీలోనూ అంతే అయివుంటుంది. ఫలానా తేదీన జీతాలు అని అందరికీ తెలుసు కాబట్టి డబ్బు అంతకు ముందే పెట్టెలో ఉంటుందని వాళ్లు లెక్కవేసుకున్నారు. తేదీ పట్టుకున్నారు, రవాణా సంగతి పట్టుకోలేదు.

ఇంకో మాట. పక్కనున్న టూమ్‌స్టోన్ వెండి గనుల్లో అప్పట్లో రోజుకూలి 4 డాలర్లు. దాన్ని 3కు తగ్గించబోతే 1884లో సమ్మె కూడా జరిగింది. 4 డాలర్ల లెక్కన 7,000 అంటే 1,750 రోజుల కూలి. ఒక మనిషి దాదాపు ఐదేళ్లు సెలవు లేకుండా దిగితే వచ్చే డబ్బు, బాబూ. ఆశ పుట్టడంలో వింత లేదు.

టూసాన్ వాసి:
పెద్దాయన చెప్పింది బాగుంది. నేను ఈ పక్కనే ఉంటాను, చుట్టాలు వచ్చినప్పుడల్లా బిస్బీ, టూమ్‌స్టోన్ తిప్పడం నా ఉద్యోగం అయిపోయింది. బిస్బీ మెయిన్ స్ట్రీట్‌లో నిలబడితే ఒక విషయం వెంటనే తెలుస్తుంది. రెండు పక్కలా కొండ, మధ్యలో ఒంపు తిరిగిన ఒకే వీధి. ఇళ్లు మెట్లమెట్లుగా పైకి పోతాయి. వీధి మొదట్లో ఒకడు, చివర్లో ఒకడు తుపాకీతో నిలబడితే చాలు, మధ్యలో ఉన్నవాడికి పారిపోవడానికి సందు ఉండదు. బయట నిలబడ్డవాళ్లు అంతమందిని ఎందుకు కొట్టగలిగారో ఆ వీధిని చూస్తే చెప్పనక్కరలేదు.

దుకాణం యజమానుల్లో జోసెఫ్ గోల్డ్‌వాటర్ అనే ఆయన 1964లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిన బారీ గోల్డ్‌వాటర్ తాతకు తమ్ముడు. సరిహద్దు ఊళ్లలో దుకాణాలు పెట్టి పైకి వచ్చిన కుటుంబం వాళ్లది.

పాతకాగితం:
ఇప్పుడు ఆరోవాడు. పేరు జాన్ హీత్. అప్పుడే బిస్బీలో కొత్తగా నాట్యశాల తెరిచాడు. దోపిడీ జరిగాక డిప్యూటీ షెరీఫ్ విలియం డేనియల్స్ మనుషులను కూడగట్టుకుని దొంగల వెంట పడితే, ఆ గుంపులో ఈ హీత్ కూడా చేరాడు. గుర్రాల అడుగుజాడలు చూపిస్తానని ముందు నడిచి, జాడ ఒకవైపు ఉంటే గుంపును మరోవైపు లాక్కుపోవాలని చూశాడట. డేనియల్స్‌కు అప్పుడే అనుమానం వచ్చింది. ఆ తరవాత ఒక పశువుల క్షేత్రం యజమాని నోరు విప్పాడు. కొద్ది రోజుల కిందట ఈ ఐదుగురూ తన దగ్గర దిగారనీ, వాళ్లతో హీత్ కూడా ఉన్నాడనీ చెప్పాడు. అంతే, హీత్‌ను పట్టుకున్నారు.

మిగిలినవాళ్లు తలో దిక్కుకూ చెదిరిపోయారు. హోవర్డ్, శాంపిల్ క్లిఫ్టన్ వైపు వెళ్లి, దోచిన బంగారు గడియారాన్ని దాచుకోకుండా అక్కడి స్నేహితురాలి దగ్గర దర్జా ఒలకబోశారు. ఆ కబురు షెరీఫ్ దాకా పోయింది. కెల్లీ న్యూమెక్సికోలోని డెమింగ్‌లో చిక్కాడు. డౌడ్, డిలేనీ మెక్సికోలోకి దూరారు. డేనియల్స్ సరిహద్దు దాటి వాళ్లను కూడా తీసుకొచ్చాడు. రెండు నెలల్లోపే అందరూ టూమ్‌స్టోన్ జైల్లో ఉన్నారు. ఫోను లేని కాలంలో, ఎడారిలో, పరాయి దేశంలో దొరకబట్టడం చిన్న పని కాదు. ఈ కథలో నాకు గౌరవం కలిగే మనిషి డేనియల్స్. పాపం, 1885లో అపాచీ తెగవాళ్ల చేతిలో చనిపోయాడు.

మిరపటపాకాయ:
గుంపును దారి తప్పించినవాడు నిర్దోషి అవుతాడా? ఇంకేం సాక్ష్యం కావాలి?

నల్లకోటు:
కావాలి. ఎంత కావాలన్నదే ప్రశ్న.

ఐదుగురి మీదా విచారణ కలిపి జరిగింది, మరణశిక్ష పడింది. దానిమీద పెద్ద వివాదం లేదు. హీత్ విచారణ వేరుగా, 1884 ఫిబ్రవరిలో సాగింది. అతని మీద ఉన్నవి మూడు. దోపిడీకి ముందు వాళ్లతో కలిసి తిరగడం, గుంపును పక్కదారి పట్టించడం, అదే జైల్లో ఉన్న మరో ఖైదీ సాక్ష్యం. మూడోది వినగానే నాకు ఒళ్లు చిరచిరలాడుతుంది. తన కేసు నెత్తిమీద వేలాడుతున్నవాడు పక్కగదివాడి మీద చెప్పే సాక్ష్యాన్ని ఏ కోర్టయినా అనుమానంతోనే చూడాలి. జ్యూరీ అతన్ని రెండో తరగతి హత్య కింద, అంటే ఉరి పడేదానికన్నా ఒక మెట్టు తక్కువ నేరం కింద, దోషిగా తేల్చింది. యూమా జైల్లో యావజ్జీవం.

ఇక్కడొక మెలిక ఉంది. దోపిడీకి కుట్ర పన్నాడని నమ్మితే, ఆ దోపిడీలో జరిగిన హత్యకు మిగతా ఐదుగురితో సమానంగా అతనూ బాధ్యుడే. నమ్మకపోతే విడిచిపెట్టాలి. రెండో తరగతి అనే మధ్యమార్గం ఈ కేసుకు అతకదు. జ్యూరీ గదిలో కొందరు ఉరి, కొందరు విడుదల అని పట్టుబట్టి చివరికి రాజీపడి ఉంటారని నా ఊహ.

మన చట్టం అయితే, ఐదుగురు కలిసి దోచారు కాబట్టి అది బందిపోటుతనం. పాత శిక్షాస్మృతి 396వ సెక్షన్, ఇప్పటి న్యాయసంహితలో 310 (3). ఎవరి తూటా తగిలిందని చూడనక్కరలేదు, ఐదుగురికీ ఒకటే బాధ్యత. దూరంగా ఉండి పథకం వేసినవాణ్ని కుట్ర, ప్రేరేపణ కింద పట్టుకోవాలి. కానీ పథకం వేశాడని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే. ఊళ్లో పెరిగిన కోపం దానికి సాక్ష్యం కాదు.

మల్లెతీగ:
హీత్‌కు దోపిడీ సంగతి ముందే తెలుసని నాకు అనిపిస్తోంది. చంపుతారని తెలుసో లేదో చెప్పలేను. తెలిసినా తెలియకపోయినా తరవాత జరిగింది మాత్రం న్యాయం కాదు.

పాతకాగితం:
జరిగింది ఇదీ. యావజ్జీవం పడిన మర్నాడే, ఫిబ్రవరి 22 పొద్దున, బిస్బీ నుంచి గని కార్మికులు గుంపుగా టూమ్‌స్టోన్ చేరారు. జైలు తలుపు తెరిపించారు. ఉరిశిక్ష పడిన ఐదుగురినీ ముట్టుకోలేదు. వాళ్ల సంగతి ప్రభుత్వం చూసుకుంటుందని నమ్మకం. హీత్‌ను మాత్రం బయటికి లాగి, టఫ్‌నట్ వీధిలోని టెలిగ్రాఫ్ స్తంభానికి ఉరివేశారు. తను పోయాక శరీరాన్ని తూటాలతో తూట్లు పొడవవద్దని అతను అడిగాడట. అంతవరకు మన్నించారు. స్తంభానికి ఒక అట్ట కూడా తగిలించారు. కోచీస్ కౌంటీ (ఈ రెండు ఊళ్లూ ఉన్న జిల్లా) పౌరులు ఇతన్ని ఉరితీశారనీ, జార్జి వాషింగ్టన్ పుట్టినరోజున, అరిజోనా పురోగతి కోసం ఈ పని చేశారనీ దానిమీద రాశారు!

ఇక శవపంచనామా. టూమ్‌స్టోన్‌లో డాక్టర్ జార్జి గుడ్‌ఫెలో అనే గొప్ప శస్త్రవైద్యుడు ఉండేవాడు. తూటా గాయాలకు ఆపరేషన్ చేయడంలో ఆ దేశంలోనే పేరున్నవాడు. ఆయన మాట మీద పంచనామా జ్యూరీ ఏమని తేల్చిందంటే, ఎత్తయిన ప్రదేశాల్లో సాధారణంగా వచ్చే ఊపిరితిత్తుల ఉబ్బు వల్ల హీత్ మరణించాడు, దానికి గొంతు బిగుసుకోవడం కారణం కావచ్చు, ఆ బిగింపు అతను తనకు తాను చేసుకున్నదైనా కావచ్చు, మరోలాగా అయినా కావచ్చు అని.

టూసాన్ వాసి:
టూమ్‌స్టోన్ ఎత్తు దాదాపు 4,500 అడుగులు. మన హార్స్‌లీ కొండల కన్నా కాస్త ఎక్కువ, అంతే. మదనపల్లె వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, కొండెక్కి ఊపిరితిత్తులు ఉబ్బి పోయినవాళ్లు మీకు తెలుసా?

మిరపటపాకాయ:
ఆ డాక్టరుకు నా దండం. ఊళ్లో ఎవరి మెడకూ తాడు పడకుండా కాగితం పూర్తిచేశాడు. ఆనీ రాబర్ట్స్ మొగుడి స్థానంలో మీరుంటే ఈ సెక్షన్లు చదువుతారా?

నల్లకోటు:
ఆ స్థానంలో ఉంటే నేనూ తాడు పట్టుకునేవాణ్నేమో. అందుకే ఆ స్థానంలో ఉన్నవాణ్ని తీర్పు చెప్పే బల్ల మీద కూర్చోబెట్టరు. ఆ పంచనామా చదివి అందరూ నవ్వుతారు, నాకు నవ్వు రాదు. పట్టపగలు, ఊరి నడుమ, ముఖాలు కనబడుతుండగా మనిషిని చంపితే అధికారికంగా ‘ఎవరూ చంపలేదు’ అని రాశారు. తూటా గాయాన్ని చూసి తుపాకీ రకం చెప్పగల డాక్టరుకు మెడ మీద తాడు గుర్తు అర్థం కాలేదంటే నమ్మమంటారా? ఒక్క కేసు కూడా పెట్టలేదు. రాతపూర్వకంగా అబద్ధమాడటం ఒకసారి చెల్లుబాటైతే రెండోసారి జంకు ఉండదు.

కొత్తగూడెం పెద్దాయన:
నాకు డాక్టరు మీద కోపం రావడం లేదు. జైలు చూడాల్సిన షెరీఫ్ ఏమైనట్టు? కొండ అవతల నుంచి గుంపు ఇరవై పాతిక మైళ్లు నడిచో, గుర్రం మీదో వస్తే ముందే కబురు అందదా? టెలిగ్రాఫ్ స్తంభం ఉరికి పనికొచ్చింది కానీ కబురుకు పనికిరాలేదన్నమాట.

మల్లెతీగ:
మిగతా ఐదుగురి ఉరి సంగతి ఎవరూ చెప్పలేదు. అందులో నెల్లీ క్యాష్‌మన్ అనే ఆవిడ ఉంది. ఐర్లండ్‌లో పుట్టి, గనుల ఊళ్లు పట్టుకుని తిరుగుతూ టూమ్‌స్టోన్‌లో భోజన హోటలు నడిపేది.

ఉరి 1884 మార్చి 28న, కోర్టు ఆవరణలో, ఐదుగురికీ ఒకే ఉరికంబం మీద, ఒకేసారి. చూడటానికి షెరీఫ్ ఆహ్వానపత్రాలు ఇచ్చాడు. అవి దొరకనివాళ్ల కోసం ఎవరో ఆవరణ గోడ పక్కన బల్లలు కట్టి టికెట్లు అమ్మబోయారు. నెల్లీకి ఒళ్లు మండింది. ఆమె జైలుకు వెళ్లి ఆ ఐదుగురినీ చూసి వస్తుండేది, వాళ్లు చేసినదాన్ని వెనకేసుకుని రాలేదు. చావును తిరనాళ్ల చేయడం మాత్రం ఒప్పుకోలేదు. ముందురోజు రాత్రి కొందరు గని కార్మికులను వెంటబెట్టుకుని వెళ్లి ఆ బల్లలన్నీ పడగొట్టించింది. శవాలను వైద్య పరీక్షల కోసం తవ్వుకుపోతారని వినిపిస్తే సమాధుల దగ్గర కాపలా కూడా పెట్టించింది.

గని కార్మికులే హీత్‌ను ఉరితీశారు, గని కార్మికులే నెల్లీ మాట విని గొడ్డళ్లు పట్టుకుని బల్లలు విరిచారు. ఐదు వారాల తేడాతో! అందుకే ‘గుంపు’ అని ఒక్క మాటలో కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

మిరపటపాకాయ:
అమ్మా, ఈ నెల్లీ కథ నాకు తెలియదు. ఆవిడ మంచిపని చేసింది. హీత్ విషయంలో నా మాట మాత్రం మారదు.

టూసాన్ వాసి:
చూడాలనుకునేవాళ్లకు నాలుగు ముక్కలు. టూమ్‌స్టోన్‌లో 1882 నాటి కోర్టు భవనం ఇప్పుడు మ్యూజియం. వెనక ఆవరణలో ఉరికంబం నమూనా పెట్టారు. పిల్లలతో వెళితే దాన్ని దాటించి లోపలికి తీసుకుపోవడం ఒక పని. ఊరి చివర బూట్‌హిల్ శ్మశానంలో ఐదుగురి సమాధులూ ఉన్నాయి. హీత్ పేరుతో కూడా పలక ఉంది, బిస్బీ గుంపు జైలు నుంచి లాక్కువచ్చి ఉరితీసిందని దాని మీద రాసి ఉంటుంది. అందరూ దాని పక్కన నిలబడి ఫోటో దిగుతారు. కానీ హీత్ అక్కడ లేడు. అతని శరీరాన్ని టెక్సస్‌లోని టెరెల్‌కు పంపించారు, అక్కడే పూడ్చారు. స్తంభానికి వేలాడుతున్న హీత్ ఫోటో కూడా ప్రసిద్ధమే. సి.ఎస్. ఫ్లై అని ఆ ఊరి ఫోటోగ్రాఫరు తీసింది. దాన్ని ఇక్కడ పెట్టను, పెట్టమని అడగవద్దు.

బిస్బీలో అసలు దుకాణం కోసం వెతికి కాళ్లు నొప్పి పుట్టించుకోవద్దు. ఆ ఊరు కాలింది, మళ్లీ కట్టారు. రాగి గని 1975లో మూతపడ్డాక గని లోపలికి రైలు బండి మీద తీసుకువెళ్లి చూపించే ఏర్పాటు చేశారు. నాకైతే అది బాగా నచ్చింది. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుంది, స్వెట్టరు మరవవద్దు.

పాతకాగితం:
టూమ్‌స్టోన్ పేరు చెబితే 1881 అక్టోబరు 26 నాటి ఓకే కొరల్ కాల్పులే అందరికీ గుర్తొస్తాయి. అర నిమిషం కాల్పులు, ముగ్గురి చావు. వాటికి ఇచ్చిన చోటులో పదోవంతు బిస్బీకి ఎవరూ ఇవ్వరు. తమ పనుల్లో తాము ఉన్నవాళ్ల చావులో వీరత్వం కనబడదు కాబోలు. చివరికి వెండి గనుల్లోకి నీళ్లొచ్చి టూమ్‌స్టోన్ చిక్కిపోయింది, రాగితో బిస్బీ బలిసింది. 1929లో కౌంటీ కేంద్రాన్ని కూడా బిస్బీ లాక్కుంది.

నల్లకోటు:
రెండోసారి జంకు ఉండదని ఇందాక రాశాను. దాని సంగతి చెప్పి ఆగుతాను. 1917 జులై 12న అదే బిస్బీలో సమ్మె చేస్తున్న గని కార్మికులను షెరీఫ్ హ్యారీ వీలర్ నాయకత్వంలో దాదాపు రెండు వేలమంది సాయుధులు ఇళ్లనుంచి బయటికి లాగి, దాదాపు 1,200 మందిని పశువుల రైలుపెట్టెల్లో కుక్కి, న్యూమెక్సికో ఎడారిలో దించేశారు. వెనక ఉన్నది గని కంపెనీ. ఒక్కరికీ శిక్ష పడలేదు. 1884లో తాడు పట్టుకున్నది కార్మికులు, 1917లో తుపాకీ మొనకు నిలబడ్డదీ కార్మికులే. మిరపటపాకాయ గారూ, ఇది మీకోసమే రాశాను.

మిరపటపాకాయ:
అయ్యా, దొంగల ముఠా ఎక్కడ, సమ్మె ఎక్కడ? రెండిటికీ పోలిక ఏమిటి? 1884లో చంపింది హంతకుల తోడుదొంగను. 1917లో తోలేసింది కూలి అడిగినవాళ్లను. కంపెనీ చేసినదాన్ని నా నెత్తిన రుద్దకండి.

కొత్తగూడెం పెద్దాయన:
1917 సమ్మెలో వాళ్ల కోరికలు ఏమిటో ఎవరైనా వివరంగా రాయండి. కూలి సంగతేనా, లోపల భద్రత కూడా ఉందా? లోపల ఎంతమంది చొప్పున డ్రిల్లు నడపాలన్న గొడవ మా దగ్గరా ఉండేది.

నిర్వాహకుడు:
1917 మీద ఇప్పటికే పక్క సందేశాలు చాలా వస్తున్నాయి. దానికి ‘బిస్బీ కార్మికుల తరలింపు’ పేరుతో వేరే చర్చ తెరిచాను. పెద్దాయన ప్రశ్నను అక్కడికి మార్చాను, నల్లకోటు గారు జవాబు అక్కడే రాయగలరు. ఈ చర్చ దుకాణం దోపిడీ, హీత్ కేసు వరకే తెరిచి ఉంటుంది. ఉరి ఫోటో కోసం అడుగుతున్నవారికి టూసాన్ వాసి గారి మాటే నా మాట.